ముందు తలుపు మీద చెయ్యి

"మరిదికి ఒక్క ఫోను కొట్టండి. సిటికెలో సేసీగలడు."

మా ఆవిడ ఈ మాట అనేటప్పటికి నేను మా ఇంటి పక్క రేకుల షెడ్డులో, కారు ఎడమవైపు ముందు తలుపును రెండు చేతులా ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాను. తలుపు కింది మూల నా మోకాలి మీద ఆనుకుని ఉంది. చెమట కంట్లోకి కారుతోంది. తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. సరిగ్గా అలాంటప్పుడే ఆ మనిషి ఊసు ఎత్తాలా?

"అక్కర్లేదు. నేనే చేస్తాను," అన్నాను.

"మీరా?" అంది.

లోపలికి వెళ్ళిపోయింది. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను చాలా మాటలే అంది కానీ, ఆ ఒక్క ముక్కకి మండినట్టు నా ఒళ్ళు ఎప్పుడూ మండలేదు.

ఆవిడ మరిది అంటే వాళ్ళ చెల్లెలి భర్త, నాకు తోడల్లుడు. అతని మీద నాకు అసూయ. ఈ మాట ఇంత తేలిగ్గా రాయడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. అంతకుముందు దానికి రకరకాల పేర్లు పెట్టుకున్నాను. కుర్రాడికి కాస్త దూకుడు ఎక్కువ అన్నాను. అందరి మెప్పూ కావాలనుకుంటాడు అన్నాను. ఒకసారి మా ఆవిడతో, "మీ మరిది చొరవ నాకు నచ్చదు" అని కూడా అన్నాను. అదంతా కుళ్ళు, ఉత్త కుళ్ళు.

నేను రాజాం దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల మేస్టారిని. మా అత్తవారి ఊరు రాజాం నుంచి అరగంట దారి. మావయ్యకి వరి భూమి ఉంది, మెట్ట మీద మొక్కజొన్న వేస్తాడు. ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దమ్మాయిని నాకిచ్చిన తరువాత పదేళ్ళ పాటు ఆ ఇంటికి నేను ఒక్కణ్ణే అల్లుణ్ణి. ఆ పదేళ్ళూ నేనేం వెలగబెట్టానో చెప్పలేను గానీ, పోటీ లేని పరీక్షలో ఫస్టు రావడానికి ఏం కావాలి?

ఆ తరువాత మా మరదలు ఎచ్చెర్లలో చదువుకుంటూ, తనతో చదివే అబ్బాయిని చేసుకుంటానని కూర్చుంది. అబ్బాయిది సముద్రం ఒడ్డున పల్లె. తండ్రీ అన్నలూ వేటకి వెళ్తారు. అతను మాత్రం చదువు అయ్యాక పడవల ఇంజన్లు, ఫైబరు తెప్పలు బాగుచేసే పని పెట్టుకున్నాడు. మావయ్య ససేమిరా అన్నాడు. ఏడాది పాటు కూతురితో మాట్లాడలేదు. అప్పుడు మావయ్య దగ్గర కూర్చుని, నయానా భయానా నచ్చజెప్పి, పెళ్ళికి ఒప్పించినవాణ్ణి నేనే. నా నోటితో నేనే పిలిచి కుర్చీ వేశాను.

అతను మొదటిసారి అత్తవారింటికి వచ్చిన పూట కుర్చీలో కూర్చోనే లేదు. పెరట్లో నీళ్ళ మోటారు మూలుగుతూ ఉంటే విని, చొక్కా విప్పి దండెం మీద పడేసి, మోటారు విప్పాడు. రెండోసారి మందు కొట్టే పంపు. మూడోసారి మిక్సీ. ఏడాది తిరిగేసరికి మా అత్తయ్య విరిగినదీ ఆగినదీ ఏదున్నా "సిన్నల్లుడు వస్తాడు గదా" అని ఒక మూల దాచిపెట్టడం మొదలుపెట్టింది. సముద్రంలో వేట ఆపేసే ఎండాకాలం రెండు నెలలూ అతనికి పని తక్కువ. ఆ రెండు నెలలూ నాకు నరకం.

నాకు బాగా కాలేది ఇంకొకటి ఉంది. నేను వెళ్తే మావయ్య లుంగీ సర్దుకుని లేచి నిలబడతాడు. తువ్వాలుతో కుర్చీ దులుపుతాడు. "రండి మేస్టారు" అంటాడు. సొంత అల్లుణ్ణి, పద్నాలుగేళ్ళుగా మీరు, మేస్టారు. అతను వెళ్తే మాత్రం కూర్చున్నచోటు నుంచి కదలడు. "ఒరే, ఆ పారట్టుకు రా" అంటాడు. ఒకసారి భోజనాల దగ్గర, "ఒరే, నీకు బుర్ర నేదేటి?" అని అందరి ముందూ తిట్టాడు. అతను నవ్వుతూ పప్పు కలుపుకున్నాడు. ఆ తిట్టు నాకు కావాలనిపించింది. నలభయ్యారేళ్ళ మనిషిని, నన్నెవరైనా బుర్ర లేదని తిడితే బాగుండునని కోరుకున్నాను.

నాకంటూ మిగిలింది ఒకటే, మా పాత కారు. ఆరేళ్ళ కిందట సెకండ్‌హ్యాండులో కొన్నాను. మావయ్యకి మోకాళ్ళ నొప్పులు. రెండు వారాలకొక ఆదివారం నేనే వాళ్ళ ఊరు వెళ్ళి, ఆయన్ని ఎక్కించుకుని శ్రీకాకుళం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, తిరిగి దింపుతాను. విత్తనాలకీ ఎరువులకీ రాజాం రావాలన్నా నా కారే. ఆయన ముందు సీట్లో నా పక్కనే కూర్చుంటాడు. దారిలో ఎవరి చేను ఎలా ఉందో చెప్తాడు. ఎవరి గట్టు ఎవరు కలిపేసుకున్నారో చెప్తాడు. నేను ఊ కొడతాను. ఆ ఆదివారాలు నావి, అందులోకి తోడల్లుడు రాడు.

ఆ తలుపే శనివారం సాయంత్రం జారిపోయింది. రాజాంలో విత్తనాల కొట్టు ముందు ఆపాను. మావయ్య తలుపు తెరిచి, ఎప్పటిలాగే ఎడమ కాలు కింద పెట్టి, ఎడమ చేత్తో తలుపు పైఅంచు పట్టుకుని లేచాడు. టక్కుమంది. తలుపు నాలుగు వేళ్ళు కిందికి దిగి వాలిపోయింది. ఆయన పడలేదు, నయమే. "ఏటైనాది మేస్టారు?" అన్నాడు. "ఏం లేదు మావయ్యా, పాత బండి," అన్నాను. తాడుతో కట్టి ఆయన్ని ఊళ్ళో దింపి, ఇంటికి వచ్చాను.

తెల్లారితే వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం ఆయన మోకాలికి ఇంజక్షను వేయించాలి. డాక్టరు ముందే రోజు ఇచ్చాడు. "కారు అవ్వకపోతే ఏటి, మరిది కొత్త కారులో తీసుకెళ్తాడు," అని మా ఆవిడ ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ మామూలుగా అంది. అవును, అతనికి కారు కూడా ఉంది. కిందటేడు కొన్నాడు, తెల్లది. ఆ ఆదివారం కూడా అతని చేతిలోకి పోతే ఇక నాకు మిగిలేది దులిపిన కుర్చీ ఒక్కటే. అందుకే తెల్లవారగానే షెడ్డులోకి దిగాను.

సంగతేమిటంటే, తలుపుకి రెండు బందులు ఉంటాయి, పైనొకటి కిందొకటి. పై బందు బాగానే ఉంది. దాని బోల్టులు కూడా బిగువుగా ఉన్నాయి. ఆ బందును బిగించిన చోట, కారు బాడీ రేకు చిరిగిపోయింది. బరువు మోసి మోసి పిగిలిన సంచీ పట్టీలాగా ఉంది. లోపల తుప్పు. నేను బోల్టులు విప్పి, చిరిగిన రేకును సుత్తితో కొట్టి మళ్ళీ లోపలికి నొక్కి, నీళ్ళ ట్యాంకు కారితే పెట్టే సీలు ముద్ద రెండు ప్యాకెట్లు పిసికి ఆ బీటలో కూరాను. పెద్ద వాషర్లు వేసి బిగించాను. లెక్కల మేస్టారిని కదా, ఎండడానికి ఎంతసేపు పడుతుందో ప్యాకెట్టు మీద చదివి, దానికి రెట్టింపు ఆగాను.

మధ్యాహ్నం మా ఆవిడని పిలిచాను. తలుపు తెరిచి మూశాను. మూసుకుంది. రెండోసారి మూసుకుంది. మూడోసారి ఆవిడ "బాగుందండీ" అంది కూడా. నాలుగోసారి తెరిస్తే సీలు ముద్దంతా అచ్చులోంచి బెల్లం దిమ్మ ఊడినట్టు ఊడి, వాషర్లతో సహా నా కాలి మీద పడింది. తలుపు మళ్ళీ మోకాలి మీదికి వచ్చింది. ఆవిడ పసుపు తెచ్చి బొటనవేలికి అద్దింది. అద్దాక వెనక గదిలోకి వెళ్ళి ఎవరితోనో మెల్లగా ఫోనులో మాట్లాడింది. ఎవరితోనో నాకు తెలుసు.

బుధవారం నాకు స్థానిక సెలవు. పొద్దున్న ఎనిమిదింటికే తెల్ల కారు మా వీధిలో ఆగింది. తోడల్లుడు దిగాడు. వెనక సీట్లోంచి మావయ్య దిగాడు. రాజుగారిలా వెనక సీట్లో, చల్లటి ఏసీలో, ఒక్కడే. నా కారులో ఏసీ పోయి మూడేళ్ళయింది. సీటు మీద మెల్లగా జరుగుతూ, జరుగుతూ, ఎంత దర్జాగా దిగాడో! నా పక్కన ఇరుక్కుని కూర్చునే మనిషికి ఇంత సుఖం అలవాటైతే ఇక నా బండి ఎందుకు ఎక్కుతాడు?

"తోచక నేనూ వచ్చీసినాను మేస్టారు," అన్నాడు మావయ్య. తోడల్లుడు డిక్కీలోంచి చిన్న వెల్డింగు మిషను, గ్రైండరు, వలతాడు చుట్ట, మా ఆవిడకి ఎండు నెత్తళ్ళ చేపల పొట్లం తీశాడు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. నేను పద్నాలుగేళ్ళలో ఆవిడకి ఎన్ని తెచ్చానో, ఆ పొట్లానికి వెలిగినట్టు వెలగడం నేను చూడలేదు.

"సీలు పెట్టినావా అన్నా?" అన్నాడు అతను చిరుగులో మిగిలిన ముద్దను గోటితో గీకుతూ.

"తాత్కాలికంగా," అన్నాను.

"మంచిదే. తడి ఎక్కకుండా ఆపింది," అన్నాడు. ఎగతాళి చేసినా బాగుండేది. అతని మంచితనం నాకు ఇంకా గుచ్చుకుంది.

పని మొదలైంది. మావయ్యకి షెడ్డు గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేశాను. తోడల్లుడు ముందు సీటు విప్పి బయట పెట్టాడు. కింద పరిచిన గుడ్డ తీసేసి తడి గోనెసంచులు పరిచాడు. బ్యాటరీ వైరు తీశావా అని నన్ను అడిగాడు. నేను తియ్యలేదు. అతనే తీశాడు. తలుపును నేనైతే ఇటుకల మీద నిలబెట్టేవాణ్ణి. అతను షెడ్డు పైపు మీంచి వలతాడు వేసి, తలుపు కిటికీ చట్రంలోంచి దూర్చి, పడవ ఇంజను ఎత్తడానికి వాళ్ళు వేసే ముడి ఏదో వేశాడు. ఒక్క వేలితో తాడు లాగితే తలుపు వెంట్రుకవాసి లేస్తుంది. వదిలితే అక్కడే ఆగుతుంది, జారదు. ఆ తాడు కొస నా చేతికిచ్చాడు. "పట్టు అన్నా" అంటే పట్టాను. "ఒగ్గు" అంటే వదిలాను. స్కూల్లో నా మాటకి మూడు వందల మంది లేస్తారు, కూర్చుంటారు. అక్కడ మాత్రం నేను తాడు కొసని.

మావయ్య కళ్ళన్నీ అతని చేతుల మీదే ఉన్నాయి. "ఆడి సెయ్యి సూడండి మేస్టారు. వణుకు నేదు," అన్నాడు నాతో. నేను నవ్వాను. ఎలా నవ్వానో నాకే తెలియాలి.

తోడల్లుడు చిరిగిన చోట రంగూ తుప్పూ గ్రైండరుతో గీకేసి, లైటు వేసి లోపలికి చూశాడు. "తుప్పన్నా. ఇంకేటీ కాదు. లోపల్నుండి రేకుని తినీసింది," అన్నాడు.

అతను పొరపాటు పడగా నేను చూడటం అదే మొదటిసారి. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"తుప్పు ఒక్కటే అయితే ఇలా చిరగదు తమ్ముడూ," అన్నాను. జేబులో సుద్దముక్క ఎప్పుడూ ఉంటుంది. షెడ్డు నేల మీద గొంతుక్కూర్చుని బొమ్మ గీశాను. ఇది పిల్లరు, అంటే బందులు బిగించే కారు స్తంభం, ఇది తలుపు, ఇవి రెండు బందులు. బందు నుంచి తలుపు కొస దాకా ఇంత దూరం. డెబ్బై కేజీల మనిషి ఆ కొసన వేలాడితే పై బందును బయటికి లాగే బలం ఎంత? బరువును దూరంతో హెచ్చవేసి, రెండు బందుల మధ్య దూరంతో భాగించి చూపించాను. ఎనిమిదో తరగతి పిల్లలకి చెప్పినట్టు వివరంగా చెప్పాను. "అదీ, నెలకి రెండుసార్లు, మూడుసార్లు, ఆరేళ్ళ పాటు. రేకు ఎంతకని ఆగుతుంది?"

తోడల్లుడు నా వంక చూసి కనుబొమ్మలు కొద్దిగా ఎత్తాడు. ఆపమని చెప్తున్నాడని నాకు అప్పుడు తట్టలేదు. నా లెక్కకి ఆశ్చర్యపోతున్నాడనుకున్నాను.

"ఏ మడిసి మేస్టారు, ఏలాడింది?" అన్నాడు మావయ్య కుర్చీలోంచి.

"మీరే మావయ్యా. దిగేటప్పుడు తలుపు మీద వాలతారు కదా," అన్నాను. లెక్క తెగినప్పుడు వచ్చే ఆ సంతోషంతోనే అన్నాను. ముఖం మీద నవ్వు కూడా ఉండే ఉంటుంది.

ఆయన తన ఎడమ చేతి వంక చూసుకున్నాడు. ఆ చేతిని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నాకు తెల్దు మేస్టారు," అన్నాడు. "ట్రాకటరు దిగినట్టే దిగిపోతన్నాను. ఇన్నాళ్ళూ మీరు సెప్పలేదు."

"అబ్బే, ఫరవాలేదు మావయ్యా, ఊరికే..."

"మంచినీళ్ళు తాగొస్తాను," అని లేచాడు. లేచేటప్పుడు కుర్చీ చెయ్యి కూడా గట్టిగా పట్టుకోలేదు. మెల్లగా లోపలికి వెళ్ళాడు. మళ్ళీ షెడ్డులోకి రాలేదు.

తోడల్లుడు మళ్ళీ కాసేపు గ్రైండరు పట్టాడు. అది ఆపి కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"అది సెప్పకపోవాల్సింది అన్నా," అన్నాడు.

"నిజమేగా చెప్పింది?"

"నిజమే. నాకు సూడగానే తెలిసింది. మావ కూకున్నాడని తుప్పన్నాను." రేకు మీద చెయ్యి పెట్టి తడుముతూ చెప్పుకొచ్చాడు. "కిందటేడు మా కారు కొన్న రోజున మావని ముందర కూకోబెట్టి గుడికి తీసుకెళ్ళినాను. దిగతా తలుపట్టుకున్నాడు. 'మావా, తలుపు మీద బరువెయ్యకు, బందులు లాగీస్తాది' అన్నాను. తెలిసిన పని గదా, నోరు ఊరుకోదు. అంతే. ఆ రోజు నుండి మా బండిలో ముందర కూకోడు. ఎనక కూకుంటాడు. సీటు మీద జరుక్కుని జరుక్కుని దిగుతాడు. తలుపు ముట్టుకోడు. ఎన్నిసార్లు బతిమాలినానో. 'నాకు ఎనకే బాగుంటాదిరా' అంటాడు."

పొద్దున్న నేను దర్జా అనుకున్నది అదన్నమాట.

"వదిన ఫోను సేసి తలుపు దిగిపోనాదని సెప్తే నాకేటనిపించిందో తెలుసా అన్నా? కుళ్ళొచ్చింది," అన్నాడు. నా వైపు చూడలేదు. "ఆరేళ్ళు అదే పనిగా పట్టుకుంటే గానీ ఇలగ చిరగదు. ఇంటికెళ్తే పార తెమ్మంటాడు, మోటారు సూడమంటాడు. పనోడికి సెప్పినట్టు సెప్తాడు. ఒంటి బరువు మాత్రం నీ బండి మీదేసినాడు. మా తలుపు సూడు, కొన్నప్పుడు ఎలగున్నాదో అలగే ఉన్నాది."

నాలుగేళ్ళుగా నేను ఎవరి మీద కుళ్ళుకుంటున్నానో ఆ మనిషి నా మీద కుళ్ళుకుంటున్నాడు. ఆ మాట నాకు పంచదార పాకంలా ఉండాలి. ఒక పావుగంట ముందు చెప్పి ఉంటే ఉండేదే. కానీ అప్పటికే సుద్దముక్కతో గీసిన లెక్క నా కాళ్ళ దగ్గర ఉంది. నేను చెప్పులతో దాన్ని చెరిపాను. సరిగ్గా చెరగలేదు, సిమెంటు నేల గరుకు.

తరువాత పని చకచకా అయింది. చిరుగును వెల్డింగుతో అతికించి, దాని మీద మందపాటి ఇనుప పట్టీ ఒకటి వంచి అతికించాడు. కన్నాలు వేసి కొత్త బోల్టులు బిగించాడు. తలుపు చుట్టూ సందు సమంగా వచ్చిందో లేదో చూడటానికి మా పెరట్లో కొబ్బరి చీపురులోంచి నాలుగు ఈనెలు విరుచుకొచ్చి, నాలుగు పక్కలా దూర్చాడు. ఒకచోట ఈనె బిగిస్తే బందు సడలించి, నా చేత తాడు లాగించి, మళ్ళీ బిగించాడు. నాలుగు ఈనెలూ ఒకేలా జారేదాకా వదల్లేదు. తుప్పు పట్టకుండా ఎర్ర ప్రైమరు నేను పూశాను. ఆ పనైనా నాకు వదిలాడు.

"ఏటి, కొత్త కారులా పడతన్నాది," అంది మా ఆవిడ తలుపు మూసి చూసి. భోజనాల్లో మావయ్య అన్నీ మాట్లాడాడు, నెత్తళ్ళ పులుసు బాగుందన్నాడు, తలుపు ఊసు మాత్రం ఎత్తలేదు. తిరిగి వెళ్ళేటప్పుడు తెల్ల కారు వెనక సీట్లో ఎక్కాడు.

ఆదివారం పొద్దున్నే నేను ఊరికి వెళ్ళాను. ఎప్పటిలాగే వాకిట్లో ఆపి, చెయ్యి చాచి ముందు తలుపు లోపల్నుంచి తెరిచాను. మావయ్య ఉతికిన పంచె కట్టుకుని, మందుల చీటీల సంచీతో వచ్చాడు. తెరిచిన తలుపు దాటి, వెనక తలుపు తీసుకుని, వెనక కూర్చున్నాడు.

"ముందు కూర్చోండి మావయ్యా."

"నాకు ఎనకే బాగుంటాది మేస్టారు. కాలు సాపుకోవచ్చు."

నా కారులో వెనక సీట్లో కాలు చాపుకోవడం ఎవరి తరమూ కాదు. అద్దంలో చూశాను. మోకాళ్ళు రెండూ ముందు సీటుకి ఆనుకుని, చిన్నగా ముడుచుకుని కూర్చున్నాడు. నా పక్క సీటు ఖాళీగా ఉంది. నేనే ఆయన్ని అక్కడి నుంచి లేపేశాను. తోడల్లుడు నా ఆదివారాన్ని లాక్కుంటాడని వారం పొడుగునా ఏడ్చాను గానీ, లాక్కోవలసిన పని అతనికి లేకుండా నేనే పోగొట్టుకున్నాను.

నాకేం తోచిందో, బండి దిగాను. చుట్టూ తిరిగి వచ్చి, తెరిచి ఉన్న ఆ ముందు తలుపు పైఅంచు రెండు చేతులా పట్టుకున్నాను. రెండు కాళ్ళూ నేల మీంచి ఎత్తేశాను. లెక్కల మేస్టారిని, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఎనభై కేజీల మనిషిని, అత్తవారి వాకిట్లో కారు తలుపుకి వేలాడుతున్నాను. అటుగా పాలబిందెతో వెళ్తున్నావిడ ఆగిపోయింది.

"ఏటి మేస్టారు ఇది? దిగండి. నలుగురూ సూస్తన్నారు," అన్నాడు మావయ్య వెనక కిటికీలోంచి.

"చూడనివ్వండి. నా లెక్క తప్పు మావయ్యా. తలుపు ఆగుతోంది చూడండి."

"ఆడేసిన అతుకు. ఆగకేటి," అన్నాడు.

ఆ మాటకి అంత కంగారులోనూ నాకు చురుక్కుమంది. నా చేతులు లాగుతున్నాయి, బొటనవేలు ఇంకా నొప్పిగానే ఉంది, అయినా చురుక్కుమంది. "ప్రైమరు నేను పూశాను," అన్నాను వేలాడుతూనే.

ఆయన నా వంక కాసేపు చూశాడు. వెనక తలుపు తీసుకుని, సీటు మీద జరుక్కుంటూ దిగి, వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నేను కాళ్ళు కింద పెట్టాను. ఆయన తలుపు ముట్టుకోకుండానే, పైకప్పు అంచు పట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. అదే చాలనుకున్నాను. దారిలో పొందూరు దాటేదాకా మాట్లాడలేదు. ఆ తరువాత ఎవరిదో మొక్కజొన్న చేను చూసి, "ఈడికి పురుగట్టీసింది మేస్టారు," అన్నాడు. నేను గట్టిగా ఊ కొట్టాను.

శ్రీకాకుళంలో ఆసుపత్రి ముందు ఆపాను. ఆయన తలుపు తెరిచి, ఎడమ కాలు కింద పెట్టాడు. ఎడమ చెయ్యి అలవాటుగా తలుపు పైకి లేచి, మధ్యలో ఆగింది. నా వైపు తిరిగాడు. నేను అటు చూడలేదు. ఫోను తీసి, ఏమీ లేని తెర మీద ఏదో శ్రద్ధగా చదివాను. చాలాసేపు చదివాను. కారు ఎడమవైపు కొద్దిగా ఒరిగింది. కొత్త అతుకు దగ్గర బందు కిర్రుమని సన్నగా మూలిగింది. నేను తలెత్తేసరికి ఆయన తలుపు పట్టుకుని నిటారుగా నిలబడి, మోకాలు ఒప్పుకునేదాకా ఆగి, ఆసుపత్రి మెట్ల వైపు చూస్తున్నాడు.

ఆయన లోపల ఇంజక్షనుకి కూర్చున్నప్పుడు నేను వరండాలోకి వచ్చి తోడల్లుడికి ఫోను చేశాను. నా అంతట నేను అతనికి ఫోను చెయ్యడం అదే మొదలు. ఎందుకు చేశానో దాచుకోను, అతన్ని ఏడిపించడానికే చేశాను.

"తమ్ముడూ, తలుపు బాగానే పడుతోంది. మావయ్య దిగేటప్పుడు మాత్రం బందు కాస్త కిర్రుమంటోంది," అన్నాను.

అవతల సముద్రం గాలి చప్పుడు.

"నూనె ఎయ్యకు అన్నా," అన్నాడు. "అలగే ఉంచీ."